జబ్బ మీది మచ్చల గురించి ఆమెను అడగాలా?

ప్రశ్న: నేను ఒక మండల కేంద్రంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సును. మా దగ్గర నమోదైన ఒక గర్భిణికి 26 ఏళ్లు. రెండో కాన్పు, ఇప్పుడు ఐదో నెల. నెల చెకప్‌కే కాకుండా తలనొప్పి అనీ, నడుము నొప్పి అనీ, నిద్ర పట్టడం లేదనీ తరచూ వస్తుంటుంది. రక్తం, మూత్రం, బీపీ అన్నీ బాగానే ఉన్నాయి. ప్రతిసారీ భర్త వెంట వస్తాడు. మేం ఆమెను అడిగిన దానికి అతనే జవాబు చెబుతాడు. పోయిన వారం బీపీ పట్టీ చుట్టడానికి జాకెట్టు చెయ్యి పైకి జరిపితే, జబ్బ లోపలి వైపు వరసగా నాలుగు మచ్చలు కనిపించాయి. గట్టిగా పట్టుకున్న వేళ్ల గుర్తుల్లా ఉన్నాయి. "బాత్‌రూమ్‌లో జారిపడింది" అన్నాడు భర్త. ఆమె తల దించుకుంది. మా డాక్టరు గారితో చెబితే, "అది వాళ్ల సంసారం. మనం తలదూరిస్తే రేపు మన మీదికే వస్తారు" అన్నారు. ఆ ఊరి ఆశా కార్యకర్త భర్తకు వరసకు మేనత్త. నేను అడిగితే ఇంటి దగ్గర ఆమెకు ఇంకా దెబ్బలు పడతాయేమోనని భయం. ఊరుకుందామంటే మనసు ఒప్పడం లేదు. పోలీసులకు చెప్పాలా? చెప్పకపోతే నాది తప్పవుతుందా?

జవాబు: అడగండి. అయితే ఆమె ఒక్కతే ఉన్నప్పుడు మాత్రమే అడగండి. భర్త పక్కన కూర్చుని ఉండగా, అత్తగారు తలుపు దగ్గర నిలబడి ఉండగా, ఆఖరికి సొంత తల్లి ఉన్నా సరే, ఆ మాట ఎత్తవద్దు. మీ భయం అర్థం లేనిది కాదు. మీరు అడిగిన సంగతి అతని చెవిన పడితే ఆమెకు నిజంగానే ముప్పు. ఎవరి చెవినా పడకుండా అడిగితే, బహుశా ఈ ఏడాదిలో ఆమెను ఆ మాట అడిగిన మొదటి మనిషి మీరే అవుతారు.

ముందు మచ్చల సంగతి. జారిపడిన మనిషికి సాధారణంగా ఎముక పైకి ఉన్న చోట్ల దెబ్బ తగులుతుంది: మోచెయ్యి, మోకాలు, అరచెయ్యి, తుంటి. జబ్బ లోపలి మెత్తటి భాగంలో వరసగా నాలుగు మచ్చలంటే ఎవరో పట్టుకుని కుదిపారని అనుమానించాలి. ముంజేతి బయటి వైపు కమిలి ఉంటే, మొహానికి అడ్డం పెట్టుకున్నప్పుడు తగిలి ఉండవచ్చు. వీపు, పొట్ట, రొమ్ములు, తొడలు చీర కింద దాగే చోట్లు కాబట్టి అక్కడి దెబ్బలు ఎవరికీ కనిపించవు. చెప్పిన కథకూ గాయానికీ పొంతన లేకపోవడం, తగిలిన చాలా రోజులకు ఆస్పత్రికి రావడం, పరీక్షలన్నీ బాగున్నా తలనొప్పి, నడుము నొప్పి, పొత్తికడుపు నొప్పి, తెల్లబట్ట, నిద్రలేమి అంటూ మళ్లీ మళ్లీ రావడం కూడా గుర్తులే. వెంట వచ్చిన మనిషి ఆమెను నోరు విప్పనివ్వకపోవడాన్ని వీటన్నిటికంటే ముందు లెక్కలోకి తీసుకోవాలి. ఈ మనిషిలో మీరు ఇన్ని చూశారు. మీ అనుమానానికి ఆధారం ఉంది. అయినా అది అనుమానమే. నిజమేమిటో ఆమె చెబితేనే తెలుస్తుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18 నుంచి 49 ఏళ్ల మధ్య వివాహిత స్త్రీలలో భర్త చేతి హింసను చూసినవారు తెలంగాణలో సుమారు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. మీ ఓపీ వరండాలో బెంచీ మీద పదిమంది ఆడవాళ్లు కూర్చుని ఉంటే అందులో ముగ్గురి సంగతి ఇది. దేశం మొత్తం మీద దెబ్బలు తిన్నవారిలో ఎవరినైనా సాయం అడిగినవారు 14 శాతమే. ఆ కొద్దిమంది కూడా పుట్టింటివాళ్లనో, ఇరుగుపొరుగునో అడుగుతారు. ఆస్పత్రి గుర్తుకొచ్చేవాళ్లు బహు తక్కువ. అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది, అది నాకు ఇంకా మింగుడు పడదు. ఇల్లు సరిగా చూసుకోలేదనో, అత్తమామలను లెక్కచెయ్యలేదనో, ఎదురు మాట్లాడిందనో, ఏదో ఒక కారణానికి మొగుడు పెళ్లాన్ని కొట్టడం సబబేనన్న స్త్రీలు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో నూటికి 83 మందికి పైనే. దేశంలో అందరికంటే ముందు మనమే. ఆస్పత్రి సిబ్బంది ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా. మీ డాక్టరు గారి మాట, డ్రెస్సింగ్ గదిలో వినిపించే "ఏదో అని ఉంటుంది, అందుకే కొట్టాడు" అనే మాట, రెండూ ఒకే చెట్టు కాయలు.

మరి వచ్చిన ప్రతి స్త్రీనీ ఈ ప్రశ్న అడగాలా? అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఒక ఫారం పట్టుకుని అందరినీ వరసపెట్టి అడగవద్దనే చెప్పింది. అలా అడిగితే లెక్క పెరుగుతుంది తప్ప ఆ స్త్రీల బతుకు మెరుగుపడుతుందనడానికి దాఖలా దొరకలేదు. గాయమో, లక్షణమో అనుమానం రేపినప్పుడు అడగాలి. అడిగాక చెయ్యగలిగింది కాస్తయినా మన చేతిలో ఉండాలి. గర్భిణుల విషయంలో ఆ సంస్థ 2016లో ఇంకొంచెం గట్టిగానే చెప్పింది: ఏకాంతం, శిక్షణ, పంపడానికి ఒక చోటు ఉన్నప్పుడు గర్భిణి చెకప్‌లలో ఈ సంగతి అడిగే ఆలోచన తప్పక చెయ్యమని. ప్రతినెలా ఆస్పత్రికి వచ్చే కాలం ఆడమనిషి జీవితంలో ఇదొక్కటే. కాన్పయ్యాక ఆమె మళ్లీ మీకు ఇంత తేలిగ్గా దొరకదు.

అసలు చిక్కు భర్తను బయట ఉంచడం. ఇక్కడ తెలివి కావాలి. "మీరు బయటికి వెళ్లండి, ఆమెతో మాట్లాడాలి" అన్నారంటే అతనికి అప్పుడే అర్థమైపోతుంది. దారిలోనే "ఏం అడిగారు, ఏం చెప్పావు" అని మొదలవుతుంది. ఒక్క మనిషి కోసం చేసినట్టు కనిపించకూడదు. "గర్భిణి పరీక్ష గదిలోకి ముందు గర్భిణి మాత్రమే" అని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపుకు అంటించండి. అందరికీ అదే అమలు చెయ్యండి, సర్పంచి గారి కోడలు వచ్చినా సరే. వారం తిరిగేసరికి అది ఆస్పత్రి పద్ధతి అయిపోతుంది, ఎవరూ కారణం అడగరు. పొట్ట కొలిచేటప్పుడు, బిడ్డ గుండె చప్పుడు వినేటప్పుడు మగవాళ్లు బయట ఉండటం మన దగ్గర వింతేమీ కాదు. ఆధార్ జిరాక్స్ తెమ్మనో, మందుల వరసలో నిలబడమనో అతనికి ఒక పని అప్పగించినా నాలుగు నిమిషాలు దొరుకుతాయి. మూత్రం పట్టడానికి వెళ్లేది ఆమె ఒక్కతే కదా, మహిళా హెల్ప్‌లైను 181 నంబరున్న కాగితం బాత్‌రూమ్ తలుపు లోపలి వైపు అంటించి పెట్టండి. వరండాలో అంటిస్తే దాని వంక చూసిన ఆడదాన్ని కూడా అనుమానిస్తారు. మొదటి కాన్పు పిల్లో పిల్లాడో వెంట వస్తే, మాటలు వచ్చిన బిడ్డ ముందు కూడా వద్దు. "అమ్మను నర్సమ్మ ఇలా అడిగింది" అని ఇంట్లో ఆ పసివాడే చెప్పేస్తాడు.

అడిగే తీరు గురించి మీరు రాయలేదు గానీ, అందరూ తడబడేది అక్కడే. "గృహహింస ఏమైనా ఉందా?" అని అడిగితే లేదనే అంటుంది. అది టీవీ చర్చల మాట. తన ఇంట్లో జరిగేదానికి ఆమె ఆ పేరు పెట్టుకుని ఉండదు. నొప్పి దగ్గర మొదలుపెట్టండి. "ఇంట్లో మనసుకు కష్టంగా ఉంటే ఒంట్లో కూడా ఇలాంటి నొప్పులు వస్తుంటాయమ్మా. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఉంటుంది. మీ ఇంట్లో ఎలా ఉంది?" అనండి. ఆగండి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగితే చాలు, సగం జవాబు వచ్చినట్టే. తర్వాత మెల్లగా, "మీ ఆయనకు కోపం వస్తే ఏం చేస్తాడు? ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నాడా?" అని అడగండి. "ఆయనంటే భయంగా ఉంటుందా? మీకు ఇష్టం లేనప్పుడు బలవంతం చేస్తాడా?" అని చివర్లో అడగవచ్చు. ఆ ఆఖరి ప్రశ్నకు చాలామంది తలూపి ఊరుకుంటారు. వివరాలు రాబట్టనక్కర్లేదు. మీరు దర్యాప్తు అధికారి కాదు. ఏ రోజు, ఎన్నిసార్లు, దేంతో అని గుచ్చి గుచ్చి అడిగితే ఆ నాలుగు నిమిషాలూ అక్కడే అయిపోతాయి.

ఆమె "అబ్బే, అలాంటిదేమీ లేదు మేడమ్" అనవచ్చు. అనే అవకాశమే ఎక్కువ. "సరేనమ్మా. ఎప్పుడైనా ఏదైనా ఉంటే ఇక్కడ చెప్పుకోవచ్చు. ఈ గదిలో మాట బయటికి పోదు" అని బీపీ చూసి పంపించండి. మచ్చ చూపించి "మరి ఇదేమిటి?" అని నిలదీయవద్దు. మీరు విఫలమయ్యారని కూడా అనుకోవద్దు. మూడోసారో నాలుగోసారో చెప్పేవాళ్లు ఎందరో ఉన్నారు. మొదటిసారి అడిగిన తీరు చూసే, చెప్పవచ్చో లేదో ఆమె తేల్చుకుంటుంది.

చెబితే? ముందు వినండి. కలం కింద పెట్టి వినండి. తర్వాత రెండు మాటలు చెప్పండి: "ఇందులో నీ తప్పేమీ లేదు. ఏ కారణానికైనా సరే, కొట్టే హక్కు అతనికి లేదు." ఈ రెండు మాటల విలువ మనకు తెలియదు, ఎన్నేళ్లుగా ఎదురుచూస్తోందో ఆమెకు తెలుసు. ఇంక అనకూడనివి. "నువ్వేమన్నావు?" అనకూడదు. "తాగినప్పుడే కదా" అనకూడదు. "సర్దుకుపోవాలమ్మా, పిల్లలున్నారు" అనడం అసలే కూడదు. "బిడ్డ పుడితే అతనే మారతాడు" అనే మాట నాకు వినీ వినీ విసుగొచ్చింది. గర్భం వచ్చాక దెబ్బలు మొదలైన ఇళ్లు, ఉన్నవి ముదిరిన ఇళ్లు కోకొల్లలు. దానికి సరిగ్గా ఎదురుగా ఉండే తొందరపాటు కూడా మంచిది కాదు: "ఇంకా ఎందుకున్నావు అక్కడ? ఇవాళే పుట్టింటికి వెళ్లిపో." వదిలి వెళ్లే సమయం చాలామంది స్త్రీలకు అన్నిటికంటే ప్రమాదకరమైన సమయం. ఎప్పుడు వెళ్లాలో, అసలు వెళ్లాలో లేదో ఆమెకే బాగా తెలుసు. ఇన్నాళ్లూ ప్రాణాలతో ఉన్నది ఆ తెలివితోనే.

ఆ రోజు ఇంటికి పంపేముందు ప్రమాదం ఎంతో అంచనా వెయ్యాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతిపుస్తకంలో ఉన్న ప్రశ్నలనే మన మాటల్లో అడగవచ్చు. గడిచిన ఆరు నెలల్లో దెబ్బలు ఎక్కువయ్యాయా, తీవ్రమయ్యాయా? కత్తో, గొడ్డలో, మరేదైనా ఎత్తాడా, ఎత్తుతానని బెదిరించాడా? గొంతు పిసికాడా? కడుపుతో ఉండగా కొట్టాడా? విపరీతమైన అనుమానమా? చంపేస్తాడేమోనని నీకు అనిపిస్తోందా? మూడింటికి అవునంటే ఆ రాత్రి ఆమె ఆ ఇంట్లో ఉండటం మంచిది కాదు. ఒక్క గొంతు పిసకడానికే అవునన్నా నేనైతే అక్కడే ఆగిపోతాను. మెడ మీద గుర్తు లేకపోవచ్చు, చాలామందికి ఉండదు. గొంతు బొంగురుపోయిందా, మింగుడు కష్టంగా ఉందా, కంటి తెల్లగుడ్డులో ఎర్ర చుక్కలున్నాయా, ఆ సమయంలో స్పృహ తప్పిందా, తెలియకుండా మూత్రం పోయిందా చూడండి. వీటిలో ఏదున్నా పెద్దాస్పత్రికి పంపాలి. లోపలి వాపు, రక్తనాళాల దెబ్బ గంటలు గడిచాక బయటపడవచ్చు. ఒకసారి గొంతు పట్టినవాడి చేతిలో తర్వాత ఆ స్త్రీ హతమయ్యే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి.

ఐదో నెల గర్భిణి కాబట్టి పొట్ట మీద దెబ్బ తగిలిందా అని వేరుగా అడగండి. రక్తం కనిపించినా, పొట్ట రాయిలా గట్టిపడి నొప్పిగా ఉన్నా, బిడ్డ కదలికలు తెలుస్తున్న మనిషి అవి తగ్గాయన్నా ఏరియా ఆస్పత్రికి వెంటనే పంపాలి. మాయ విడిపోయి ఉండవచ్చు. ఆమెది నెగిటివ్ గ్రూపు రక్తమైతే, పొట్టకు దెబ్బ తగిలిన సందర్భంలో యాంటీ-డి ఇంజెక్షను సంగతి డాక్టరు గారికి గుర్తు చెయ్యండి. అది కాన్పు తర్వాత మాత్రమే ఇచ్చేదని చాలామంది అనుకుంటారు. నిద్ర పట్టడం లేదంటోంది కదా అని నిద్రమాత్రలు రాయించవద్దు. బాధకు అది మందు కాదు, పైగా బాధలో ఉన్న మనిషి చేతికి మాత్రల పట్టీ ఇవ్వడం ప్రమాదం. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అవునంటే ఒంటరిగా పంపకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలిమానస్, 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడతారు.

ఇక రాయడం. మాతా శిశు సంరక్షణ కార్డు ఆమెతో ఇంటికి వెళ్తుంది, భర్త తిరగేస్తాడు. అందులో ఈ సంగతి ఒక్క అక్షరం కూడా రాయవద్దు. ఓపీ చీటీలోనూ వద్దు. ఆస్పత్రిలో ఉండిపోయే రికార్డులో మాత్రం వివరంగా రాయండి, అది నలుగురి చేతుల్లో తిరగకుండా బీరువాలో పెట్టండి. ఎలా రాయాలంటే: "కుడి జబ్బ లోపలి వైపు, గుండ్రంగా, ఒక్కొక్కటి ఒకటిన్నర సెంటీమీటరు, నాలుగు కమిలిన మచ్చలు. భర్త చెయ్యి మెలిపెట్టాడని రోగి చెప్పింది." కొలత, చోటు, ఆకారం, ఆమె నోటి మాట ఉంటే చాలు. మనిషి బొమ్మ గీసి గుర్తు పెడితే మరీ మంచిది. మచ్చ రంగును బట్టి "మూడు రోజుల కిందటిది" అని మీ అంచనా రాయవద్దు, రంగుతో రోజులు ఖచ్చితంగా తేలవు. రేపు కోర్టులో అదొక్కటే పట్టుకుని మొత్తం రికార్డును తోసిపుచ్చుతారు. "రోగి ఆరోపిస్తోంది" అని రాయడం మన ఆస్పత్రుల్లో ఒక అలవాటు. "చెప్పింది" అంటే సరిపోతుంది. కడుపునొప్పితో వచ్చినవాణ్ని కడుపునొప్పి ఆరోపిస్తున్నాడని రాస్తామా?

పోలీసుల గురించి అడిగారు. 18 ఏళ్లు దాటిన స్త్రీకి భర్త చేతిలో ఇలాంటి దెబ్బలు తగిలినంత మాత్రాన, ఆమెను కాదని మీరు స్టేషనుకు పరిగెత్తనక్కర్లేదు. చెప్పకపోవడం మీ తప్పు అవదు. ఆమె అడిగితే మాత్రం దారి చూపాలి. భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్, అంటే పాత 498ఏ, భర్త క్రూరత్వానికి వర్తిస్తుంది. తీవ్రమైన గాయం, కాలిన గాయం, పురుగుమందు తాగడం లాంటివి వస్తే మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసుగా, నమోదు చెయ్యాల్సింది డాక్టరు గారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని 2017 మానసిక ఆరోగ్య చట్టం శిక్షించదగిన మనిషిగా కాక, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూస్తుంది. ఆ సంగతి ఆమె ఇంటివాళ్లకు తెలియక నిజం దాస్తుంటారు. ఆమెకు 18 లోపు ఉంటే మాత్రం లెక్క వేరు. పెళ్లయినా సరే పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి.

మీ డాక్టరు గారికి చూపించాల్సింది ఇంకొకటి ఉంది. 2005 గృహహింస చట్టం, అమల్లోకి వచ్చింది 2006 అక్టోబరు 26న. దాని 7వ సెక్షన్ ప్రకారం బాధితురాలు అడిగితే ఆస్పత్రి బాధ్యులు వైద్యం చెయ్యాల్సిందే. నియమాల్లో 17వది ఇంకా వివరంగా చెబుతుంది: గృహహింస జరిగిందని నమోదు చేసే సంఘటన నివేదిక లేదన్న సాకుతో వైద్యం నిరాకరించకూడదు. అంతకుముందు నివేదిక నమోదు కాకపోతే ఆ నివేదికకు ఉన్న ఒకటో ఫారం నింపి, ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించిన రక్షణాధికారికి పంపాల్సింది ఆస్పత్రి బాధ్యులే. వైద్య పరీక్ష నివేదిక నకలు ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. అంటే "అది వాళ్ల సంసారం" అనే మాట చట్టం దగ్గర చెల్లదు. అయితే ఒక జాగ్రత్త: ఆ నివేదిక రక్షణాధికారి నుంచి మేజిస్ట్రేటుకూ, నకలు పోలీస్ స్టేషనుకూ వెళ్తుంది. అందుకే ఫారం ముట్టుకోకముందే అది ఎక్కడెక్కడికి పోతుందో ఆమెకు చెప్పండి. ఇంటికి ఎవరైనా వస్తే ఏమవుతుందో ఆమెను అడగండి. మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయంలో రక్షణాధికారితో ముందే ఫోనులో మాట్లాడి ఉంచుకోండి. కేసు అంటే మొగుణ్ని జైలుకు పంపడమే అని ఆమె భయపడుతుంది. ఈ చట్టం కింద జైలు మాట మొదట రాదు. కొట్టవద్దని ఉత్తర్వు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు, ఇవి అడగవచ్చు. ఉత్తర్వు మీరితే అప్పుడు ఏడాది దాకా జైలు. లాయరుకు డబ్బు లేదంటే, న్యాయ సేవాధికార సంస్థ స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తుంది.

181 మహిళా హెల్ప్‌లైను. జిల్లాలోని సఖి కేంద్రంలో కౌన్సెలింగు, పోలీసు సాయం, లాయరు, కొద్దిరోజుల ఆశ్రయం ఒకేచోట దొరుకుతాయి. చీటీ రాసి ఇవ్వవద్దు. మూడంకెలే కదా, నోటికి వచ్చేలా రెండుసార్లు చెప్పించండి. ఫోను భర్త చూస్తాడంటే, చేశాక ఆ నంబరు తీసేయమనండి, లేదా మీ ఆస్పత్రి ఫోను నుంచే చేయించండి. మీరు ఆమెకు ఇంటికి ఫోను చెయ్యాల్సి వస్తే, ఎత్తింది భర్త అయితే ఏం చెప్పాలో ముందే అనుకోండి: "రక్త పరీక్ష మళ్లీ చెయ్యాలి, రమ్మనండి." ఆధార్, బ్యాంకు పుస్తకం, మాతా శిశు సంరక్షణ కార్డు, నాలుగు బట్టలు, కాస్త డబ్బు అవసరమైతే చటుక్కున తీసుకునేలా ఎక్కడ పెట్టుకోవాలో, అర్ధరాత్రి ఎవరి తలుపు తట్టగలదో ఆమెతోనే ఆలోచింపజేయండి.

భర్తను పిలిచి మందలించే ఆలోచన ఎవరికైనా వస్తే అడ్డుకోండి. ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ కుదర్చడం ఆస్పత్రి పని కాదు. ఆమె గదిలో తలూపుతుంది, ఇంటికి వెళ్లాక లెక్క తేలుస్తాడు. ఊరి పెద్దమనుషుల పంచాయితీకి చేర్చడం అంతకంటే చేటు. ఆశా మేనత్తకు ఈ సంగతి తెలియకూడదు. ఆమెపై కోపంతో అనడం లేదు, చెడ్డ మనిషి కాకపోవచ్చు కూడా. కాని పండక్కి ఆ ఇంట్లో కూర్చునే మనిషికి ఈ రహస్యం మోయమని చెప్పడం ఆమెకూ అన్యాయమే. మీ దగ్గర కూడా తెలిసినవాళ్లు ఎంత తక్కువైతే అంత మేలు. మీరు, డాక్టరు గారు, అంతే.

డాక్టరు గారిని ఒప్పించడానికి నీతి బోధించవద్దు. డాక్టర్లు లెక్కలు వింటారు. భాగస్వామి హింసకు గురైన స్త్రీలకు తక్కువ బరువు బిడ్డ పుట్టే అవకాశం 16 శాతం ఎక్కువనీ, కుంగుబాటు దాదాపు రెండు రెట్లనీ 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక చెప్పింది. మీ కేంద్రం నెలనెలా పైకి పంపే అంకెల్లో తక్కువ బరువు కాన్పులు ఉంటాయి కదా. ఇంగ్లండులో, లండన్‌లోని హాక్నీలోనూ బ్రిస్టల్ నగరంలోనూ మామూలు కుటుంబ వైద్యుల క్లినిక్కుల మీద ఒక అధ్యయనం చేశారు, 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 24 క్లినిక్కుల్లో వైద్యులకు, నర్సులకు, ముందు బల్ల దగ్గర కూర్చునేవాళ్లకు కూడా శిక్షణ ఇచ్చారు. పంపించడానికి పేరూ ఫోను నంబరూ ఉన్న ఒక సహాయకురాలిని చూపించారు. ఏడాదిలో ఆ క్లినిక్కుల నుంచి 223 మంది స్త్రీలను సహాయానికి పంపారు. శిక్షణ లేని 24 క్లినిక్కుల నుంచి 12 మందిని. రెండు చోట్లా రోగులు అలాంటివాళ్లే. ఇంగ్లండు సంగతి మనకెందుకంటారేమో, ముంబయిలో బాంద్రా భాభా మునిసిపల్ ఆస్పత్రిలో 2000వ దశకం మొదట్లోనే సెహత్ అనే సంస్థతో కలిసి, హింసకు గురైన స్త్రీల కోసం దిలాసా కేంద్రం పెట్టారు. అక్కడి ఆస్పత్రి సిబ్బందే ఈ పనిలో శిక్షణ పొందారు. తర్వాత వేరే ఆస్పత్రులకూ పాకింది. మన జిల్లాలో సఖి కేంద్రం ఉంది, కాబట్టి మనకు కొత్త భవనమేదీ అక్కర్లేదు. ఆ కేంద్రం నిర్వాహకురాలిని ఒక గంట మీ నెల సమావేశానికి రమ్మని డాక్టరు గారి చేతే పిలిపించండి. పిలిచినవాళ్లే తర్వాత కాదనలేరు.

ఒకవేళ అన్నీ చెప్పాక కూడా ఆమె "నేను ఇంటికే వెళ్తాను మేడమ్" అనవచ్చు. వెళ్లనివ్వండి. తర్వాతి చెకప్ నెలకు కాదు, రెండు వారాలకే పెట్టండి. కార్డులో "బీపీ, హిమోగ్లోబిన్ తిరిగి చూడాలి" అని రాయండి. రెండూ గర్భిణికి ఎప్పుడు చూసినా తప్పు లేనివే, భర్తకు అనుమానం రాదు. తేదీ మీ డ్యూటీ ఉన్న పగటి పూటకే పడేలా చూసుకోండి. మీకు సెలవు పడితే ఏ సిస్టర్ చూడాలో ముందే మాట్లాడి ఉంచండి.